వెనక సైకిలు

"ఇంకోసారి పెట్టు," అంది అసిరమ్మ.

"ఇంకెన్నిసార్లు చూస్తావమ్మా? బస్, చాలు. ఎన్నిసార్లు చూసినా నాన్న వెనక్కి పరిగెట్టడమే తప్ప ముందుకు రాడు," అంది జ్యోతిర్మయి. అంటూనే ఫోను తల్లి చేతిలో పెట్టింది.

నిమిషంన్నర వీడియో అది. రైలింజన్ల షెడ్డు రోడ్డు మీది పెట్రోలు బంకు కెమేరాలోంచి ఎవరో తీసి నాలుగు రోజుల కింద ఊరంతా పంచిపెట్టారు. డిసెంబరు నెల, పొద్దున్న ఆరు కావస్తోంది, పొగమంచు. రెండు సైకిళ్ళు వస్తుంటాయి. ముందు సైకిలు మీద చిరంజీవి, జ్యోతిర్మయి మొగుడు. వెనక సైకిలు మీద ఎర్ర మఫ్లరు చుట్టుకున్న త్రినాథరావు, ఆమె తండ్రి. ఒక లారీ ఇద్దరినీ దాటి వచ్చి, ఉన్నట్టుండి ఎడమకి, లారీల యార్డు గేటు వైపు తిరుగుతుంది. ముందు సైకిలు దాని వెనక చక్రాల కిందికి పోతుంది. లారీ ఆగదు.

త్రినాథరావు సైకిలు దిగుతాడు. రెండడుగులు ముందుకు వేసి ఆగుతాడు. మెడలోంచి మఫ్లరు లాగి చేత్తో పట్టుకుని, పడివున్న అల్లుణ్ణి అక్కడే వదిలేసి, వచ్చిన దారినే వెనక్కి పరిగెడతాడు. మంచులో కనబడకుండా పోతాడు.

కింద ఈ ఊరి హిందీలో ఒక ముక్క రాశారు. ఊరందరికీ సైకిలు పాఠాలు చెప్పే తాతగారి ధైర్యం చూడండి అని. ఆ పక్కన నవ్వుతున్న బొమ్మలు నాలుగు.

"ఇక్కడ ఆగేరు చూడు," అంది అసిరమ్మ, ఫోను కళ్ళకి దగ్గరగా పెట్టుకుని. "రెండడుగులేసి ఆగేరు. ఏదో ఆలోచించేరు."

"ఆలోచించుకుని మరీ వెళ్ళాడు. అది ఇంకా బాగుంది," అంది కూతురు.

త్రినాథరావు వరండాలో పీట మీద కూర్చుని ఇదంతా వింటున్నాడు. పక్కనే సంచీ ఉంది. అందులో రెండు జతల బట్టలు, బీపీ మాత్రలు పొద్దున్నే జ్యోతిర్మయి సర్దిపెట్టింది. మధ్యాహ్నం లోకల్ రైలుకి బిల్హా వెళ్ళిపోవాలి, అమ్మన్న చిన్నాన్న ఇంటికి. ఎన్నాళ్ళకో ఆమె చెప్పలేదు, ఆయన అడగలేదు.

ముప్పై ఆరేళ్ళు గూడ్సు బళ్ళకి గార్డుగా పనిచేసిన మనిషి. రిటైరై అల్లుడి క్వార్టర్లోనే ఉంటున్నాడు. ఆ అల్లుడు బయటివాడు కాదు, సొంత అక్క కొడుకు. ఇరవై రెండు రోజులు ఆస్పత్రిలో ఉండి నిన్ననే ఇంటికొచ్చాడు. ఎడమ కాలు మోకాలి కింద నుంచి తీసేశారు. అసిస్టెంట్ లోకో పైలట్‌గా మళ్ళీ ఇంజనెక్కే మాట ఇక లేదు. రైల్వేవాళ్ళు దయతలిచి ఏదో బల్ల ముందు కుర్చీ చూపించాలి.

ఇంటికొచ్చిన దగ్గర్నుంచీ చిరంజీవి మామతో ఒక్క మాట మాట్లాడలేదు. లోపలి గది తలుపు జారేసి ఉంది.

జ్యోతిర్మయి వరండాలోకి వచ్చింది. గోడకి ఆనుకుని నిలబడింది.

"నాన్నా, ఒక్కటే అడుగుతాను. పారిపోయావా?"

"లేదు."

"మరి ఎక్కడికెళ్ళావు?"

"వెనక..."

"వెనక ఏటుంది? ఆస్పత్రి ఉందా? పోలీస్ స్టేషనుందా? ఆస్పత్రిలో అందరూ నువ్వు సాయానికి పరిగెట్టావనుకున్నారు. నేనూ అలాగే అనుకున్నాను. నువ్వు కాదనలేదు."

"నన్నెవరూ అడగలేదమ్మా."

"అచ్ఛా! అడగాలా?"

నిజమే, ఎవరూ అడగలేదు. అడిగితే చెప్పేవాడే. త్రినాథరావుకి అబద్ధం చెప్పడం రాదు, అడగని నిజం చెప్పడం అంతకంటే రాదు. సర్వీసంతా ఎంక్వైరీల్లో అలాగే బతికాడు. అడిగినదానికి జవాబు, కింద సంతకం. ఆ అలవాటు ఇంట్లో ఎంత చేటో ఇరవై రెండు రోజులుగా ఆయనకి అర్థం కాలేదు. ఇప్పుడిప్పుడే అవుతోంది.

"ఆయన మోటారు సైకిలు మీద శుభ్రంగా డ్యూటీకి వెళ్ళేవాడు," అంది జ్యోతిర్మయి. గొంతు పెంచలేదు, లోపల వినబడుతుందని. "గార్డుగారి అల్లుడే సైకిలెక్కకపోతే కాలనీలో ఇంకెవడెక్కుతాడు అని వెంటపడింది నువ్వు కాదా? నీ మాట పోతుందని బండి అమ్మేశాడు. నీ గూడ్సులో చేరాడు."

గూడ్సు అని కాలనీ పిల్లలు పెట్టిన పేరు. రోజూ పొద్దున్నే షెడ్డుకి వెళ్ళే పది పన్నెండు మంది సైకిళ్ళ మీద ఒక్క వరసలో బయల్దేరేవారు. లారీల రోడ్డు మీద ఒంటరిగా పోతే కనబడరు, వరసగా పోతే కనబడతారు అన్నది త్రినాథరావు వాదం. ముందు సైకిలు ఇంజను. అందరికంటే వెనక తను, ఎర్ర మఫ్లరుతో. రెండేళ్ళు ఒక్కరికీ గీత పడలేదు. పేపర్లో ఫొటో కూడా పడింది. ఆ ఫొటో ఇప్పటికీ హాల్లో గోడ మీద ఉంది, తీసెయ్యాలని ఎవరికీ తోచలేదు.

"ఆ రోజు మంచని మిగతావాళ్ళెవరూ రాలేదు. ఆయనా పడుకున్నాడు. లేపింది ఎవరు?"

"నేనే."

"ఏమని లేపావో గుర్తుందా?"

త్రినాథరావు తలొంచుకున్నాడు. "మంచుకి మన డ్యూటీలు ఆగుతాయేటి అన్నాను."

"గుర్తుందన్నమాట," అని జ్యోతిర్మయి లోపలికి వెళ్ళిపోయింది.

*

పది గంటలకి భవిత వచ్చింది. బ్యాంకు ఆఫీసరు, కరీంనగర్ అమ్మాయి. సైకిలు వాళ్ళ సంఘానికి కార్యదర్శి. హెల్మెట్ తీసి చేత్తో పట్టుకుని గుమ్మంలోనే నిలబడింది. ఈ ఇంట్లోకి హెల్మెట్‌తో రావడం ఎలా ఉంటుందో ఆ పిల్లకి వచ్చాక తట్టినట్టుంది, దాన్ని వెనక్కి దాచుకుంది.

"చిరంజీవి అన్న ఎట్లున్నరు?"

"ఉన్నాడు," అంది జ్యోతిర్మయి. కూర్చోమనలేదు.

అసిరమ్మే కుర్చీ లాగింది. భవిత కూర్చుని త్రినాథరావు వైపు తిరిగింది.

"అంకుల్, రేపు పదకొండింటికి కలెక్టరేట్‌లో మీటింగు. మీకు తెలుసు. డ్యూటీలు మారే టైములో షెడ్డు రోడ్డు మీదికి లారీలు రావద్దని, సైకిళ్ళకి వేరే దారి గీయాలని మనం రెండేళ్ళ నుంచి తిరుగుతున్నం. రేపు ఒప్పుకుంటే ఒప్పుకున్నట్టు. లేకపోతే ఇంకో రెండేళ్ళు."

"తెలుసమ్మా."

"యార్డువాళ్ళు ఈ వీడియో తీసుకొని వస్తరు. వీళ్ళ లీడరే అల్లుణ్ణి వదిలేసి ఉరికిండు, వీళ్ళ మాట మీద రోడ్డు మూస్తారా అంటరు. అందుకని..." భవిత ఆగింది. "మీరు ఒక్క మాట చెప్తే చాలు అంకుల్. సాయం కోసం ఉరికిన అని. ఆటో దొరుకుతదేమో అని వెనక్కి పోయిన అని. అంతే. అందరూ ఇన్నాళ్ళు అనుకున్నది గదే కదా."

"అది నిజం కాదు కదమ్మా."

"దేఖియే అంకుల్, లారీ గుద్దింది నిజం. ఆగకుండా పోయింది నిజం. అన్న కాలు పోయింది నిజం. ఇంత నిజంలో ఈ ఒక్క ముక్క..."

"అడిగితే జరిగింది సెప్తాను."

జ్యోతిర్మయి చెయ్యి నడుం మీద పెట్టుకుంది. "అయితే ఆ జరిగిందేటో మాకూ చెప్పు నాన్నా. కలెక్టరు కంటే ముందు మేం వినకూడదా?"

త్రినాథరావు పీట మీంచి లేచాడు. నిలబడితేనే ఆయనకి మాట వస్తుంది.

"నడి సెక్షన్లో, రెండు టేసన్ల మద్దిన, బండి ఆగిపోనాదనుకో. గార్డు సేసీ మొదటి పని ఏటి? దిగి వెనక్కెల్లాలి. పట్టాల మీద, చక్రం ఎక్కితే పేలీ పటాకాలెట్టాలి, ఎర్రజెండా ఊపాలి. వెనకొచ్చీ బండి తెలీకుండా వచ్చి గుద్దీకుండా. బండిలో ఎవడు పడినా, ఎవడు ఏడ్సినా, ముందు అదే. దాన్ని ప్రొటెక్షన్ అంటారు. ఆ రోజు మంచు. వెనకాల వరసగా లారీలు. వాడు రోడ్డు మద్దిన పడున్నాడు. వెనకొచ్చీవోడికి కనబడడు. తొక్కీసి పోతాడు. అందుకని ఎల్లేను. నాను పారిపోలేదు తల్లీ. ప్రొటెక్షన్‌కి ఎల్లేను."

కుక్కరు కూత పెట్టింది, అసిరమ్మ కదలలేదు.

"రోడ్డు మీద పట్టాలెక్కడున్నాయి నాన్నా?" అంది జ్యోతిర్మయి చివరికి.

"ముప్పై ఆరేళ్ళు..."

"ముప్పై ఆరేళ్ళు! ఆ ముప్పై ఆరేళ్ళూ మేమూ చూశాం. నాకు విషజ్వరం వస్తే డ్యూటీ చార్టు చూసుకుని వెళ్ళిపోయావు. రూలు. అమ్మమ్మ పోతే సెలవు దొరకలేదని మూడో రోజొచ్చావు. రూలు. ఇప్పుడు నా మొగుడు రోడ్డు మీద రక్తంలో పడుంటే కూడా రూలేనా? పెట్రోలు బంకు కుర్రాడికి ఏ రూలూ తెలీదు. వాడే వచ్చి ఆటోలో వేశాడు. నువ్వు తిరిగొచ్చేసరికి అక్కడ ఏటుంది?"

"సైకిలుంది," అన్నాడు త్రినాథరావు.

సైకిలు, రక్తం, ఒక చెప్పు. అది ఆయన చెప్పలేదు. చెప్పకపోయినా జ్యోతిర్మయికి తెలుసు. ఆ చెప్పు ఎవరో ఇంటికి తెచ్చి ఇచ్చారు, జోడు లేకుండా.

భవిత నెమ్మదిగా లేచింది. "అంకుల్, నాకు మీరు చెప్పింది అర్థమైంది. నిజంగా. కానీ అక్కడ ఇది చెప్తే నవ్వుతరు. ఇక వీడియో కూడా అక్కర్లేదు వాళ్ళకి." హెల్మెట్‌ని ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకుంది. "మీరు రేపు రాకపోతేనే బాగుంటదేమో. సంఘంలో అందరూ అదే అంటున్నరు. నన్ను చెప్పి రమ్మన్నరు."

ఆ సంఘాన్ని ఈ వరండాలోనే పెట్టారు. మొదటి కాగితం మీద మొదటి సంతకం త్రినాథరావుది. ఆ పిల్ల మాత్రం ఏం చేస్తుంది, చెప్పి రమ్మన్నారు, చెప్పింది. కానీ ఆయన ముఖం చూడలేక గోడమీది ఫొటో వైపు చూస్తూ చెప్పింది.

"అలాగే అమ్మా," అన్నాడు త్రినాథరావు.

అప్పుడు లోపలి గదిలోంచి గొంతు వినబడింది.

"జ్యోతీ! మావని ఓపాలి రమ్మను."

*

చిరంజీవి మంచం మీద దిండ్లకి ఆనుకుని కూర్చున్నాడు. దుప్పటి ఒక పక్క ఎత్తుగా, ఒక పక్క చదునుగా ఉంది. త్రినాథరావు చూపు అక్కడికే పోయింది, చటుక్కున తిప్పుకున్నాడు.

"కూకో మావా."

కూర్చున్నాడు. జ్యోతిర్మయి తలుపు దగ్గర ఆగిపోయింది. ఆమె వెనక అసిరమ్మ.

"మీరు మాట్లాడుకున్నది వినబడింది," అన్నాడు చిరంజీవి. "రెండు మూడు అడుగుతాను. సరిగ్గా సెప్పు."

"అడుగు నాయనా."

"ఎంత దూరం ఎల్లేవు?"

త్రినాథరావు అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు.

"లెక్కెట్టకుండా నువ్వు ఎల్లవు. ఎంత?"

"ఆరువందల మీటర్లు."

తలుపు దగ్గరున్న ఆడవాళ్ళకి ఆ అంకె ఏమీ కాలేదు. చిరంజీవి మాత్రం కళ్ళు మూసుకుని తెరిచాడు. రైల్వేలో పుట్టి పెరిగినవాడు, మొదటి పటాకా ఎంత దూరాన పెట్టాలో వాడికొకరు చెప్పాలా?

"అక్కడ ఏటి సేసావు?"

"మఫ్లరు ఊపుతా నిలబడ్డాను."

"బండేదైనా వచ్చిందా?"

"ఒకటొచ్చింది. బొగ్గు లారీ. ఆపేను." త్రినాథరావు గొంతులో కొంచెం ప్రాణం వచ్చింది. "వాడు ఆగేడు బాబూ. ఆగి, దిగి, ఏటైందని అడిగేడు. నాను ఆపకపోతే..."

"నన్ను తొక్కీసేవాడు."

"అవును నాయనా! అదే నాను సెప్తున్నాను. ఈళ్ళకి తెలీటం లేదు. నువ్వు రైలోడివి, నీకు తెలుసు."

"నాకు తెలుసు మావా." చిరంజీవి చాలా మెల్లగా అన్నాడు. "అందుకే అడుగుతున్నాను. ఆరువందల మీటర్లు రైలుకి. నాలుగు వేల టన్నుల బండి బ్రేకేస్తే ఆగడానికి అంత కావాలి. మంచులో ఇరవై స్పీడు మీద పోయీ లారీకి ఎంత కావాలి?"

లెక్క కడుతున్నట్టు త్రినాథరావు పెదాలు కదిలాయి.

"ఏభై అడుగులు సాలదేటి? ఏభై అడుగుల దూరంలో నిలబడుంటే లారీ ఆగేది. నేను పిలిచింది నీకు వినబడేది. నడుం బెల్టు తీసి కాలికి కట్టీసి ఎల్లుంటే ఒక్క నిముషం. ఒక్క నిముషం మావా. డాక్టరు ఏటన్నాడో నీకు తెలుసా? రక్తం ముందే ఆపుంటే కాలు దక్కేదేమో అన్నాడు. దక్కేదని అన్లేదు. దక్కేదేమో అన్నాడు. ఇక బతికినన్నాళ్ళూ ఆ ఏమో పక్కన పడుకోవాలి నేను."

"నాకు తోచలేదు రా," అన్నాడు త్రినాథరావు. కళ్ళ వెంట నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా లేదు. "కాళ్ళు వాటంతటవే ఎల్లిపోనాయి. లెక్క దానంతటదే నడిసింది. ఏభై దగ్గర ఆగాలని తోచలేదు."

"జ్యోతి నువ్వు పారిపోయావనుకుంటోంది. ఊరూ అదే అనుకుంటోంది. నేను ఒక్క రోజు కూడా అలగనుకోలేదు. నువ్వు మఫ్లరు లాగినప్పుడే నాకు తెలిసిపోయింది ఎక్కడికెల్తున్నావో." చిరంజీవి దుప్పటి అంచు పట్టుకుని లాగాడు. "పారిపోయినా బాగుండేది మావా. భయమేస్తే మనిషి పరిగెడతాడు. నేనైనా పరిగెడతాను. దాన్ని మర్చిపోవచ్చు. నువ్వు భయపడలేదు. నన్ను బాగా చూసి, ఆగి, నేను తర్వాత అనుకుని ఎల్లేవు. దాన్ని నేనెలా మర్చిపోను?"

అసిరమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. ఇరవై రెండు రోజులుగా ఈ ఇంట్లో ఎవరూ ఇంత సేపు మాట్లాడింది లేదు. మాట్లాడకపోతేనే నయమేమో అని ఆమెకి అనిపించింది.

"భవితగారున్నారా?" అని చిరంజీవి గొంతు పెంచాడు.

వరండాలోంచి భవిత పలికింది. "ఉన్న అన్నా."

"రేపు మావ రారు. నేనొస్తాను. చక్రాల కుర్చీ ఎక్కే దారి ఉందేమో కనుక్కోండి."

భవిత పరుగున వచ్చి జ్యోతిర్మయి పక్కన నిలబడింది. ముఖం వెలిగిపోతోంది. "మీరొస్తే ఇంకేం కావాలన్నా! మీరే చెప్తే కలెక్టరు సారు కాదనరు. మరి... ఏం చెప్తరు?"

"జరిగింది సెప్తాను."

"అంటే లారీ సంగతి..."

"లారీ సంగతీ సెప్తాను. ఆ రోడ్డు మీద సైకిలెక్కమని నన్ను ఎవరు, ఎలాగ లేపేరో అదీ సెప్తాను. ఆరువందల మీటర్లూ సెప్తాను. మొత్తం. దారి గియ్యాలో, సైకిళ్ళే మానీమనాలో, విన్నోళ్ళు తేల్చుకుంటారు."

భవిత ముఖంలో వెలుగు పోయింది. ఏదో అనబోయి జ్యోతిర్మయిని చూసి మానుకుంది. నమస్కారం కూడా పెట్టకుండా వెళ్ళిపోయింది.

"అలగంటే దారి రాదు రా," అన్నాడు త్రినాథరావు. "రేపు ఇంకోడు పడిపోతాడు. నీ కాలు పోయి కూడా లాభం లేకుండా పోద్ది. నన్ను ఏటన్నా అను, బాబూ. దాన్ని సెడగొట్టకు."

"నా కాలికి లాభం నువ్వు సూడకు మావా," అన్నాడు చిరంజీవి. దిండు మీదికి జారి గోడ వైపు తిరిగాడు. ఇక మాట్లాడేది లేదని అందరికీ తెలిసేలా తిరిగాడు.

త్రినాథరావు మంచం కోడు పట్టుకుని లేచాడు. గుమ్మానికి జ్యోతిర్మయి అడ్డంగా నిలబడి ఉంది. పొద్దుటి కోపం ఆమె ముఖంలో లేదు. ఆయన్ని పారిపోయినవాడిగా నాలుగు రోజులు అసహ్యించుకుంది, ఇప్పుడా అసహ్యానికి చోటు లేకుండా పోయింది, దాని బదులు ఏం పెట్టుకోవాలో తెలియడం లేదు. తప్పుకుంటే తండ్రి వరండాలోకి వెళతాడు, సంచీ తీసుకుంటాడు. ఉండమంటే ఉంటాడు. ఉండమనడానికి ఆమెకి ఒక్క ఆధారం కావాలి.

"నాన్నా, మంచులో దూరం వెళ్ళిపోయావు కదా. ఆయన పిలిచింది నీకు వినబడి ఉండదు," అంది. అడగలేదు, బతిమాలింది. "వినబడి ఉంటే ఆగేవాడివి. కదా? వినబడలేదు కదా?"

గోడ వైపు తిరిగిన చిరంజీవి వీపు కదలకుండా ఉంది. వింటున్నాడు.

వినబడలేదు అంటే చాలు. లోకంలో ఎవరూ దాన్ని అబద్ధమని నిరూపించలేరు. అసిరమ్మ కూతురి భుజం మీంచి మొగుడి ముఖంలోకి చూసి, వద్దు వద్దన్నట్టు తలూపింది. నలభై ఏళ్ళు కాపరం చేసిన మనిషికి ఏం రాబోతోందో ముందే తెలిసింది.

"మూడుసార్లు పిలిచేడమ్మా," అన్నాడు త్రినాథరావు.